ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలి?

ఆ ఊరికి తొలి బస్సు ఆరుంబావుకి వస్తుంది. ఆమె అయిదున్నరకే వచ్చి రావిచెట్టు కింద అరుగు మీద కూర్చుంది. ఒళ్లో గుడ్డసంచి. సంచిలో ప్లాస్టిక్ కవరు. ఆ కవర్లో భర్త డిశ్చార్జి పుస్తకం, పింఛను మంజూరు కాగితం, మరణ ధ్రువపత్రం, ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, రెండు పాత ఫొటోలు. అన్నీ నల్లటి ఇనుప ట్రంకుపెట్టెలోంచి తీసినవే. ఆ పెట్టె మూత మీద తెల్లరంగుతో రాసిన సైనికుడి నంబరు ఇన్నేళ్లయినా చెరిగిపోలేదు.

2023 జులై నెల అది. ఈ పని మీద జిల్లా కేంద్రానికి వెళ్లడం ఆమెకు నాలుగోసారి.

ఆమె భర్త 1969లో సైన్యంలో చేరాడు. ఇంజినీర్ల దళం. 1971 యుద్ధం చూశాడు. 1988లో నాయక్‌గా రిటైరై ఊరొచ్చాడు. ఎకరం పొలం, రెండు గేదెలు, నెలనెలా పింఛను. వీటితోనే ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు చేశాడు. 2022 జనవరిలో, భోగి ఇంకా నాలుగు రోజులుందనగా నిద్రలోనే వెళ్లిపోయాడు. ఆయనతోపాటే ఆయన పింఛనూ ఆగింది. అది నియమమే. ఆ తర్వాత భార్యకు కుటుంబ పింఛను రావాలి. అదీ నియమమే. కానీ రాలేదు.

కారణం చాలా చిన్నది. సైన్యం రికార్డులో ఆయన భార్య పేరు ఒకటుంది. ఆమె ఆధార్ కార్డులో పేరు ఇంకొకటుంది.

మన పల్లెల్లో ఇది వింతేం కాదు. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి. అమ్మమ్మ పేరు పెట్టారు కాబట్టి నోటితో పిలవకూడదని అలవాటు చేసుకున్న పేరు ఇంకొకటి. అత్తారింట్లో ఆ పేరుతో అప్పటికే తోడికోడలు ఉందని మార్చిన పేరు మరొకటి. 1974లో పెళ్లయ్యాక సెలవు ముగించుకుని యూనిట్‌కు వెళ్లిన కుర్ర సిపాయిని అక్కడి క్లర్కు ‘బీవీ కా నామ్?’ అని అడిగాడు. అతను సిగ్గుపడుతూ ఇంట్లో పిలిచే పేరే చెప్పాడు. క్లర్కు తనకు వినిపించినట్టు టైపు కొట్టాడు. నలభై ఎనిమిదేళ్ల తర్వాత ఆ టైపు అక్షరాలు ఆమె కంచంలో మెతుకులకు అడ్డుపడ్డాయి.

ఆ ఉదయం బస్సు వచ్చేలోపు చేతికర్ర లేకుండానే చకచకా నడుచుకుంటూ ఇంకో మనిషి చెట్టు కిందికొచ్చాడు. ఊరంతా ఆయన్ని హవల్దారుగారు అంటారు. ఆయన ఆమెకు ఊరి వరసలో మరిది.

‘‘ఏం వదినా, టిఫినేమైనా తిన్నావా?’’

‘‘నాలుగుసార్లు తిరిగితే నాకింక ఆకలి కూడా వెయ్యట్లేదు మరిదీ. ఈసారైనా అవుద్దంటావా?’’

ఆయన జవాబు చెప్పలేదు. కొత్త ఆఫీసరు వచ్చాడని మాత్రమే ఆయనకు తెలుసు. ఎలాంటివాడో తెలియదు.

హవల్దారుగారిది సైన్యంలో క్లర్కు ఉద్యోగం. 24 ఏళ్లు చేసి 2009లో ఇంటికొచ్చాడు. తుపాకీ కన్నా టైపు మిషనే ఎక్కువ పట్టుకున్నానని ఆయనే నవ్వుతూ చెబుతాడు. సిపాయికి పెళ్లయినా, బిడ్డ పుట్టినా, అమ్మానాన్నలు పోయినా యూనిట్‌లో ‘పార్ట్ టూ ఆర్డర్’ అనే కాగితం తయారవుతుంది. అది రికార్డాఫీసుకు వెళ్లి అతని జీవితచరిత్రలో చేరుతుంది. పింఛను వచ్చినా, ఆగినా ఆ చరిత్రను బట్టే. అలాంటి కాగితాలు ఆయన వేలకొద్దీ కొట్టాడు.

ఊరొచ్చాక ఆయన ఇంటి అరుగే ఓ ఆఫీసు అయిపోయింది. తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరాన్ని ‘మిలట్రీ మాధవరం’ అంటారు. ఈ ఊరికి అంత పేరు లేదు కానీ వీధికి ఇద్దరు ముగ్గురు సైన్యంలో చేసినవాళ్లు ఉన్నారు. ఒకరికి వైద్యానికి ఈసీహెచ్ఎస్ కార్డు కావాలి. ఇంకొకరి అమ్మాయికి ఇంజినీరింగ్ కౌన్సెలింగులో సైనికుల పిల్లల కోటా సర్టిఫికెట్ కావాలి. మరొకరికి ప్రభుత్వమిచ్చిన డీపట్టా పొలం గట్టు తగాదా. నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్ల హడావుడి. పింఛన్లన్నీ ‘స్పర్శ్’ అనే కంప్యూటర్ పద్ధతిలోకి మారాక వేలిముద్ర పడనివాళ్లంతా ఆ అరుగు మీదికే వస్తారు. ఆయన ఎవరి దగ్గరా రూపాయి తీసుకోడు. భార్య మాత్రం అందరికీ టీలు పెట్టలేక అప్పుడప్పుడు గొణుగుతుంది.

వదిన విషయంలో ఆయనకు ఇంకో బాధ కూడా ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. ఆ పేరు టైపు చేసింది తను కాదు. 1974లో తనింకా బళ్లో చదువుకుంటున్నాడు. కానీ తను కొట్టిన వేల కాగితాల్లో ఎన్ని ఇలాంటివి ఉన్నాయో? బీహారులోనో, గఢ్వాల్ కొండల్లోనో ఏ ముసలమ్మ తన టైపు తప్పును సంచిలో పెట్టుకుని బస్సు కోసం ఎదురుచూస్తోందో? సిపాయి చెప్పాడు, తను కొట్టాడు. ‘‘ఒరే, కాగితాల్లో ఎలా ఉందో చూసి చెప్పు’’ అని ఒక్క మాట అడిగి ఉంటే!

మాజీ సైనికుల బాగోగులు చూడటానికి జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. ఈ ఏర్పాటుకు మూలం మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. యుద్ధానికి వెళ్లిన భారతీయ సిపాయిల కుటుంబాల కోసం అప్పట్లో బోర్డులు పుట్టాయి. స్వాతంత్ర్యం వచ్చాక పేర్లు మారాయి. ఇప్పుడు ఢిల్లీలో కేంద్రీయ సైనిక బోర్డు ఉంది. దానికి రక్షణమంత్రి అధ్యక్షుడు. రాష్ట్రంలో రాజ్య సైనిక బోర్డు. జిల్లాలో జిల్లా సైనిక బోర్డు. దీనికి కలెక్టరు అధ్యక్షుడైతే, జిల్లా సైనిక సంక్షేమ అధికారి కార్యదర్శి. తెలంగాణలో ఈయన్నే రీజనల్ సైనిక సంక్షేమ అధికారి అంటున్నారు. ఖర్చు కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. మన వంటి రాష్ట్రాల్లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుగుతోంది. ఆ రోజు చొక్కాలకు చిన్న జెండాలు గుచ్చి విరాళాలు పోగుచేసేదీ ఈ కార్యాలయాలే.

మరి ఆ కుర్చీలో కూర్చునే మనిషికి ఏం అర్హత ఉండాలి? సాధారణంగా త్రివిధ దళాల్లో ఏదో ఒకదానిలో ఆఫీసరుగా చేసి రిటైరై ఉండాలి. ఫలానా హోదా, ఫలానా వయసు అని రాష్ట్రాలు తమ నిబంధనలు పెట్టుకుంటాయి. డిగ్రీ, కంప్యూటర్ పరిచయం వంటివి కూడా అడుగుతుంటారు. హవల్దారుగారి వంటివాళ్లు ఆ ఆఫీసులో సంక్షేమ సహాయకులుగా పనిచేయొచ్చేమో కానీ, ఆ కుర్చీకి మాత్రం ఆశపడకూడదు.

‘‘అదేం న్యాయం? ఊళ్లో వాళ్ల పనులన్నీ నువ్వు చేస్తున్నావుగా. ఆ ఉద్యోగం నీకిస్తే పోలా?’’ అని ఊరి రిటైర్డు తెలుగు మాస్టారు ఓసారి అడిగాడు.

హవల్దారుగారు ఒప్పుకోలేదు. ‘‘లేదు మాస్టారూ. ఆ కుర్చీకి హోదా కావాలి. కలెక్టరు ఎదురుగా కూర్చుని ‘ఈ పని ఎందుకు కాలేదు సార్’ అని అడగాలి. బ్యాంకు మేనేజరుకు ఫోను చేస్తే అవతల లేచి నిలబడాలి. రికార్డాఫీసులో కల్నల్‌తో సమానంగా మాట్లాడాలి. హవల్దారు ఫోను చేస్తే ‘లైన్లో ఉండు’ అంటారు. నాకు తెలీదా?’’

‘‘మరైతే హోదా ఉన్నవాళ్లు వచ్చినా మన పనులు అవట్లేదేం?’’

ఆ ప్రశ్నకు ఆయన దగ్గర అప్పుడు సమాధానం లేదు. వదినతోపాటు తిరిగాకే అది దొరికింది.

మొదటిసారి ఆమె 2022 మార్చిలో కొడుకును వెంటబెట్టుకుని వెళ్లింది. ఆఫీసరు పోస్టు ఖాళీ. పక్క జిల్లా అధికారికి అదనపు బాధ్యత ఇచ్చారు. ఆయన వారానికి రెండు రోజులే వస్తాడు. ఆ రెండు రోజుల్లో అది ఒకటి కాదు. రెండోసారి హవల్దారుగారు రాసిచ్చిన దరఖాస్తుతో వెళ్లింది. ఇన్‌చార్జి ఆఫీసరు కనిపించాడు. ఆయన ముందు ముప్పైమంది ఉన్నారు. ‘కాగితాలు సరిపోలేదు’ అని ఇంగ్లీషులో టైపు చేసిన జాబితా చేతికిచ్చారు. ఏవి సరిపోయాయో, ఏవి సరిపోలేదో ఎవరూ చెప్పలేదు.

ఆ వేసవిలో హవల్దారుగారు ఊళ్లో లేడు. పెద్దకూతురి పురుడికని భార్యతో కలిసి అమెరికా వెళ్లాడు. అల్లుడిది విస్కాన్సిన్ రాష్ట్రంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్కడ ఆరు నెలలు.

మూడోసారి ఆమె ఒక్కతే వెళ్లింది. అప్పటికి రెగ్యులర్ ఆఫీసరు వచ్చాడు. పెద్ద హోదాలో రిటైరైన మనిషి. నీతిమంతుడు. లేటుగా రాడు, లంచం ఊసే లేదు. ఆఫీసు గోడలకు సున్నం వేయించాడు, ఫైళ్లన్నీ వరసలో పెట్టించాడు. ఆమె కాగితాలు చూసి ‘‘పేరు తేడా ఉంది. బ్యాంకుకు వెళ్లండి’’ అన్నాడు. బ్యాంకువాళ్లు ‘‘మా చేతిలో ఏమీ లేదు, సైన్యం రికార్డు మారాలి’’ అన్నారు. మళ్లీ వచ్చి అడిగితే ‘‘అయితే రికార్డాఫీసుకు రాయండి’’ అన్నాడు. కొడుకు రాయించాడు. మూడు నెలలకు జవాబొచ్చింది. జిల్లా సైనిక సంక్షేమ అధికారి ద్వారా, తగిన పత్రాలతో పంపమని అందులో ఉంది.

అంటే ఆమె ఎక్కడి నుంచి బయల్దేరిందో అక్కడికే చేరింది!

ఆ ఆఫీసరుది దురుసుతనం కాదు. ఆయనకు పటాలాన్ని నడిపించడం తెలుసు. కానీ పేరు తేడా వస్తే ఏం చేయాలో తెలియదు. ఎవరూ నేర్పలేదు. నేర్చుకున్నాడో లేదో పరీక్షించినవాళ్లూ లేరు. ఆ కుర్చీకి ఎంపిక చేసేటప్పుడు ఆయన సర్వీసు చూశారు, హోదా చూశారు. పింఛను కాగితం చదవగలడా అని చూడలేదు.

విస్కాన్సిన్‌లో ఒకరోజు సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు హవల్దారుగారికి ఓ బోర్డు కనిపించింది. కౌంటీ వెటరన్స్ సర్వీస్ ఆఫీస్. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ‘ఇక్కడా మన ఆఫీసు ఉందే!’ అని ముచ్చటపడ్డాడు. కూతురి పక్కింటి పెద్దాయన వియత్నాం యుద్ధంలో చేసినవాడు. అల్లుణ్ని దుబాసీగా పెట్టుకుని ఆయన్నడిగి కొంత తెలుసుకున్నాడు. మిగతాది అల్లుడు కంప్యూటర్లో వెతికి చెప్పాడు.

ఆ రాష్ట్రంలో కౌంటీ అధికారి మాజీ సైనికుడే అయ్యుండాలని చట్టంలోనే ఉంది. ఇంతవరకూ మన పద్ధతే. కానీ అక్కడితో అయిపోలేదు. మాజీ సైనికుడి తరఫున కేంద్ర ప్రభుత్వ శాఖ ముందు క్లెయిము నడపాలంటే ఆ శాఖ గుర్తింపు ఉండాలి. కౌంటీ ఉద్యోగులకు ఆ గుర్తింపు రావాలంటే జీతం తీసుకునే ఉద్యోగి అయ్యుండాలి, ఏడాదికి కనీసం 1,000 గంటలు కౌంటీకి పనిచేయాలి, శిక్షణ పూర్తిచేసి పరీక్ష పాసవ్వాలి. ఆ తర్వాత కూడా పైనుంచి క్రమం తప్పని పర్యవేక్షణైనా ఉండాలి, లేదంటే ఏటా శిక్షణైనా తీసుకోవాలి.

‘‘అంటే పాసైనవాడు కూడా చదువుతూనే ఉండాలన్నమాట!’’ అన్నాడు హవల్దారుగారు.

అక్కడంతా స్వర్గమని ఆయన అనుకోలేదు. తన క్లెయిము తేలడానికి ఎన్ని నెలలు పట్టిందో పక్కింటి పెద్దాయనే ఏకరువు పెట్టాడు. ముసలి సిపాయి గోడు ఏ దేశంలోనైనా ఒకటే. కానీ ఆ రెండో అర్హత ఆయన మనసులో నాటుకుపోయింది. యూనిఫాం వేసుకుని ఉండాలన్నది మొదటి అర్హత. పని నేర్చుకుని, నేర్చుకున్నట్టు నిరూపించుకోవాలన్నది రెండోది. మన దగ్గర మొదటిదాన్ని గట్టిగా అడుగుతున్నాం. రెండోదాన్ని మనిషి మంచితనానికి వదిలేశాం.

నవంబరులో ఊరొచ్చాక ఆయన కాళ్లకు బలపం కట్టుకున్నాడు. వదిన రెండు పేర్లూ ఒకే మనిషివని తహసీల్దారు ధ్రువపత్రం, నోటరీ అఫిడవిట్, సర్పంచి సంతకం సంపాదించాడు. కానీ వాటిని పంపాల్సిన కుర్చీ మళ్లీ ఖాళీ అయింది. ఆ పెద్ద హోదా ఆఫీసరు ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు. కొత్తాయన వచ్చేసరికి 2023 జూన్.

అలా ఆ జులై ఉదయం ఆమె రావిచెట్టు కింద కూర్చుంది.

కొత్త ఆఫీసరు వాయుసేనలో చేసి వచ్చాడు. ఇంజినీర్ల దళమన్నా, దాని రికార్డులన్నా ఆయనకు పెద్దగా పరిచయం లేదు. ఆ సంగతి తెలియగానే హవల్దారుగారి గుండె జారింది. ‘ఆర్మీ ఆఫీసరుకే తెలియలేదు. ఈయనకేం తెలుస్తుంది?’ అనుకున్నాడు.

ఆయన మాత్రం ముందు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. ‘‘అమ్మా, మీ పెళ్లెప్పుడైంది?’’ అని అడిగాడు.

ఆ ఆఫీసులో అంతవరకు ఆమెను ఎవరూ అడగని ప్రశ్న అది. అందరూ కాగితాలే అడిగారు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. పెళ్లి, సెలవులు, ఉత్తరాలు, అత్తగారు పేరు మార్చిన సంగతి. మధ్యలో హవల్దారుగారు ఆపబోతే ఆఫీసరు చేత్తో వారించాడు. పదిహేను నిమిషాలు విన్నాడు. ఒక పేరు ఎక్కడ పుట్టిందో, రెండో పేరు ఎక్కడ కలిసిందో రాసుకున్నాడు. తర్వాత డిశ్చార్జి పుస్తకం ఒక్కో పేజీ తిప్పాడు. తిప్పి, తలెత్తి ఇలా అన్నాడు.

‘‘అమ్మా, ఇలాంటి కేసు నేను ఇంతకుముందు చూడలేదు. ఏం చేయాలో నాకు తెలీదు. తెలుసుకుని శుక్రవారంలోగా చెప్తాను. మీరు మళ్లీ రావద్దు. నేనే ఫోను చేస్తాను.’’

బస్సులో తిరిగొస్తూ ఆమె నిట్టూర్చింది. ‘‘తెలీదన్నాడుగా మరిదీ. ఇంకేం చేస్తాడు?’’

‘‘వదినా, ఇన్నాళ్లూ తెలీనివాళ్లే కూర్చున్నారు. తెలీదని చెప్పిన మొదటివాడు ఈయనే. పనవుద్ది’’ అన్నాడు హవల్దారుగారు.

గురువారం సాయంత్రమే ఫోనొచ్చింది. ఆఫీసరు రికార్డాఫీసుతో మాట్లాడాడు. ఏయే పత్రాలు, ఏ నమూనాలో, ఎన్ని ప్రతులు అన్నది కనుక్కున్నాడు. అన్నీ ఉన్నాయి, ఒక్కటి తక్కువ. భార్యాభర్తలిద్దరూ ఉన్న పాత ఫొటో. ట్రంకుపెట్టె అడుగున ఓ ఫొటో దొరికింది. భర్త యూనిఫాంలో, ఆమె కొత్త చీరలో. స్టూడియోవాడు వెనకాల కాశ్మీరు సరస్సు తెర కట్టాడు. ఆఫీసరు తన సిఫార్సు లేఖ జతచేసి, సంతకం పెట్టి పంపాడు. నెలకోసారి రికార్డాఫీసుకు తనే గుర్తుచేశాడు. రికార్డులో పేరు సరిచేశారు. అక్కణ్నుంచి కాగితం సైనిక పింఛన్లు మంజూరు చేసే ప్రయాగ్‌రాజ్ ఆఫీసుకు వెళ్లింది. సవరించిన పింఛను ఉత్తర్వు వచ్చేసరికి డిసెంబరు అయింది. భర్త పోయిన మర్నాటి నుంచి లెక్కగట్టి బకాయి మొత్తం ఆమె ఖాతాలో పడింది.

దాదాపు రెండేళ్లు! ఈ రెండేళ్లలో ఆమె ఒక గేదెను అమ్మింది. చెవుల దిద్దులు తాకట్టు పెట్టింది. కొడుకు దగ్గర చేయి చాచాల్సి వచ్చినందుకు రాత్రుళ్లు ఏడ్చింది. బకాయి డబ్బుతో దిద్దులు తిరిగొచ్చాయి. గేదె రాలేదు.

ఆ ఆఫీసరు హవల్దారుగారిని ఒకరోజు పిలిపించుకున్నాడు. ‘‘మీరు చేసిన పనే నేనూ చేయాలి. పార్ట్ టూ ఆర్డర్ల సంగతి నాకు నేర్పిస్తారా?’’ అని అడిగాడు. ఇరవై నాలుగేళ్ల సర్వీసులో ఏ ఆఫీసరూ తనను అలా అడగలేదని హవల్దారుగారు ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు. ఆ రోజు ఆమె అడక్కుండానే టీ పెట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్లు మంగళవారాలు ఆఫీసులో పాఠాలు సాగాయి. ఏ దళం రికార్డులు ఎక్కడుంటాయి? మద్రాస్ రెజిమెంటువి వెల్లింగ్టన్‌లో. మద్రాస్ ఇంజినీర్లవి బెంగళూరులో. ఈఎంఈవి సికింద్రాబాద్‌లో. ఫిరంగి దళానివి నాసిక్‌లో. సిగ్నల్స్‌వి జబల్‌పూర్‌లో. ఇవన్నీ గోడ మీద తెలుగులో రాసిపెట్టారు. ఏ పనికి ఏ కాగితం కావాలో కూడా తెలుగులోనే రాశారు. నెలకోసారి ఏదో ఒక మండలంలో క్యాంపు పెట్టారు. నడవలేని ముసలివాళ్లు జిల్లా కేంద్రానికి రావడం కాదు, ఆఫీసే వాళ్ల దగ్గరికి వెళ్లాలన్నాడు ఆఫీసరు.

నిజానికి ఈ పనిలో ఒకసారి నేర్చుకుంటే సరిపోదు. నియమాలు మారుతూనే ఉంటాయి. ఒకే ర్యాంకు ఒకే పింఛను ఉత్తర్వు 2015 నవంబరులో వచ్చింది, 2014 జులై నుంచి వర్తించింది. పింఛను లేని, 65 ఏళ్లు దాటిన మాజీ సైనికులకు, వితంతువులకు కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా ఇచ్చే సాయం నెలకు రూ.4,000 ఉండేది. 2025 అక్టోబరులో దాన్ని రూ.8,000 చేశారు. పిల్లల చదువుకిచ్చే నెలసాయం రూ.1,000 నుంచి రూ.2,000కి, పెళ్లికిచ్చేది రూ.50,000 నుంచి లక్షకు పెరిగాయి. నవంబరు 1 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు ఇవి వర్తిస్తాయి. దేవుడు వరమిచ్చాడు. పూజారికి ఆ సంగతి తెలియకపోతే భక్తుడికి ప్రసాదం ఎలా అందుతుంది? మారుమూల పల్లెలో ఉన్న తొంభై ఏళ్ల సిపాయి భార్య ఢిల్లీ ఉత్తర్వులు చదవలేదు. ఆమె తరఫున చదవాల్సింది ఆ కుర్చీలో మనిషే.

ఈమధ్య పేపర్లో ఓ ప్రకటన పడింది. సైనిక సంక్షేమ అధికారి పోస్టుకు దరఖాస్తులు కోరుతున్నారు. మాస్టారు ఆ పేజీ పట్టుకుని అరుగు మీదికొచ్చాడు. హవల్దారుగారు కళ్లజోడు పెట్టుకుని అర్హతల గడి రెండుసార్లు చదివాడు. హోదా ఉంది. వయసు ఉంది. సర్వీసు ఉంది.

‘‘ఏం తక్కువైందంటావు?’’ అన్నాడు మాస్టారు.

‘‘మూడు మాటలు కలిపితే చాలు మాస్టారూ. చేరకముందు మూడు నెలలు పింఛను కాగితాలు, రెవెన్యూ కాగితాలు నేర్పించండి. నేర్చుకున్నాడో లేదో పరీక్ష పెట్టండి. ఏడాదికోసారి మళ్లీ నేర్పించండి. అమెరికావాడు చేయగా లేంది మనం చేయలేమా?’’

‘‘మరి వినే గుణమో? దానికి పరీక్ష ఎలా పెడతారు?’’

హవల్దారుగారు కాసేపు ఆలోచించాడు. ‘‘ఇంటర్వ్యూ గదిలోకి మా వదిన్ని పంపాలి. పావుగంట మాట్లాడనివ్వాలి. మధ్యలో వాచీ చూసుకోనివాణ్ని తీసుకోవాలి’’ అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఆయన నవ్వుతూనే ఆ మూడు మాటలూ ఓ తెల్లకాగితం మీద రాశాడు. రాష్ట్ర సైనిక సంక్షేమ డైరెక్టరుకు పోస్టు చేశాడు. జవాబు ఇంకా రాలేదు.

ఆయన మాత్రం జవాబు కోసం కూర్చోలేదు. తన చేతిలో ఉన్న పని తను చేస్తున్నాడు. ఊరికి సెలవు మీద ఏ జవాను వచ్చినా ఆ అరుగు ముందు ఆగి వెళ్లాల్సిందే. మొన్న సంక్రాంతికి కొత్తగా పెళ్లయిన కుర్రాడు భార్యను వెనక కూర్చోబెట్టుకుని మోటారు సైకిలు మీద వెళ్తుంటే చెయ్యడ్డం పెట్టి ఆపాడు.

‘‘ఏరా, యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ అయ్యిందా?’’

‘‘అయ్యింది బాబాయ్.’’

‘‘అమ్మాయి పేరు ఎలా రాయించావు?’’

కుర్రాడు సిగ్గుపడుతూ వెనక్కి తిరిగి భార్య వంక చూశాడు. హవల్దారుగారు అమ్మాయి వైపు తిరిగాడు.

‘‘వాణ్ని కాదమ్మా, నిన్నడుగుతున్నాను. నీ ఆధార్ కార్డు తెచ్చి చూపించు. అక్షరం అక్షరం సరిచూద్దాం. పండగ పనులుంటే రేపైనా సరే, వీడు మాత్రం సెలవు అయ్యేలోగా నా దగ్గరికి రావాలి.’’

పక్కింటి అరుగు మీద బియ్యం చెరుగుతున్న వదిన తలెత్తింది. ‘‘రేపు కాదమ్మా. ఇప్పుడే తీసుకురా’’ అంది.